తుపాకీకి ఎద్దుల పట్టెడ

ఊరికి దూరంగా, గుట్ట కింద చేనులో ఒంటరి ఇల్లు మాది. ఇంటి కాపలాకని నాయన దగ్గర లైసెన్సు తుపాకీ ఒకటి ఉంది. ఆయన దాన్ని వారం వారం తుడవడమే చూశాను గానీ, పేల్చడం ఒక్కసారీ చూడలేదు.

ఎద్దుల్ని అమ్మేశాక వాటి మెడ పట్టెడలు రెండూ మిగిలాయి. నాయన ఆ తోలు కలిపి కుట్టి, తుపాకీకి భుజాన తగిలించుకునే పట్టీ చేశాడు. మేం మాత్రం దాన్ని పట్టెడ అనే అనేవాళ్లం. అప్పటిదాకా గోడకు ఆనించి ఉండే తుపాకీ తలుపు పక్క కొయ్యకు ఎక్కింది.

అమ్మకు అది బొత్తిగా నచ్చలేదు. "ఇంట్లో ఉండేదానికి పట్టెడ ఎందుకు? అవసరానికి తీసేటప్పుడు యాడన్నా తగులుకుంటాది," అంది.

"ఒక చేతిలో బ్యాటరీ లైటు, ఇంకో చేతిలో కట్టె. తుపాకీ పట్టుకోను మూడో చెయ్యి యాడుండాది నాకు?" అన్నాడు నాయన.

నేను సెలవుకు వెళ్లినప్పుడల్లా ఈ పంచాయితీ నా ముందుకు వచ్చేది. అన్నం వడ్డించేది అమ్మ కాబట్టి నా ఓటు అమ్మకే.

మొన్న ఎండాకాలం, పొద్దు గుంకే వేళ. అమ్మ వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతోంది. గుట్ట దిగి ఎలుగుబంటి ఒకటి వచ్చి, తొట్టికి అవతల నిలబడింది. ఇద్దరికీ మధ్య ఆ తొట్టి ఒక్కటే అడ్డం. ఇంట్లోంచి నేనూ నాయనా చూశాం.

నాయన తుపాకీ లాగాడు. పట్టెడ కొయ్యకు మెలిపడి రాలేదు. లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంది. నేను విడిపించబోయినా మెలి వదల్లేదు. అమ్మ ఇక మాకు దక్కదనుకున్నాను.

అప్పుడు కనిపించాయి, ఎలుగు వీపు మీద రెండు పిల్లలు. జూలులో మునిగి, మొహాలు మాత్రం బయటపెట్టి కూర్చున్నాయి. తల్లి తొట్టిలోకి వంగి తాగుతుంటే జారలేదు, బెదరలేదు. దేంతో కట్టి ఉంచిందో వాటిని! అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉంది. ఎలుగు తలెత్తి అమ్మను చూసింది, మళ్లీ తాగింది. అంత భయంలోనూ నేను రెప్ప వేయలేకపోయాను. అంత గొప్ప సంగతి నా జన్మలో చూడలేదు. చివరికి అది పిల్లల్ని మోసుకుంటూ, వచ్చిన దారినే గుట్ట ఎక్కిపోయింది.

అమ్మ లోపలికి రాగానే నాయన గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మెలి విప్పి తుపాకీ దించి, జేబులోంచి కత్తి తీశాడు. "నువ్వు చెప్పిందే నిజమాయె. కోసేస్తా దీన్ని."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "కోయద్దు."

"నీ మీద పడింటే?"

"పడలేదు కదా. ఇది తగులుకోకపోయింటే, ఈపాటికి ఆ పిల్లల్ని మోసేదెవరు?"

నాయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మే తుపాకీని తీసుకెళ్లి అదే కొయ్యకు తగిలించింది. ఈసారి పట్టెడను రెండు చుట్లు తిప్పింది.