ప్రసన్నకుమారి గారు రాయని జాబితా

కొవ్వూరులో మా లూథరన్ చర్చికి వచ్చే తల్లులందరికీ ప్రసన్నకుమారి గారంటే కొంచెం భయం. ఆవిడ మున్సిపల్ స్కూల్లో టీచరు. నా పెళ్ళికి చాలా ముందు నుంచే క్రిస్మస్ నాటిక ఆవిడ చేతిలో ఉంది. ఎవరు మరియ, ఎవరు దూత, ఎవరు గొర్రె అన్నది ఎప్పుడూ కాగితం మీద పెట్టరు. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక పిల్లల్ని వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి పాత్ర చెబుతారు. అప్పటిదాకా కన్నతల్లికి కూడా తెలియదు. తల్లులం ఒకరినొకరం ఓరగా చూసుకుంటూ కూర్చుంటాం.

ఆవిడ ఓరగా చూసేది మాత్రం సారికనే. సారిక రాజమండ్రిలో ఒక స్కూల్లో కంప్యూటర్లు చెబుతుంది. నిరుడు నాటికకి పాటల ట్రాకులు తెచ్చింది, డైలాగులు అందరికీ మెయిల్లో పంపింది, వెనక తెర మీద బేత్లెహేము ఆకాశం వేయించింది. భోజనాల దగ్గర సంఘ పెద్దలు ఆ ఆకాశం గురించే మాట్లాడుకున్నారు. వడ్డిస్తున్న ప్రసన్నకుమారి గారు విన్నారు.

"ఆకాశం బానే ఉందండి. కింద గొల్లలు కూడా నిలబడ్డారు, కనబడ్డారా?" అని గరిటె పెట్టేశారు.

మరుసటి వారమే నా దగ్గరకొచ్చి ఈమెయిల్ వాడటం నేర్చుకున్నారు. నేను చదివింది కెమిస్ట్రీ అండి అన్నా వినలేదు. సైన్సు సైన్సే అన్నారు.

ఈ ఏడాది, పాత్రలు చెప్పే ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం, ఆవిడ పేరు మీద నాకో మెయిల్ వచ్చింది. "క్రిస్మస్ నాటిక, పాత్రల జాబితా. చూడగలరు." కింద లింకు. మా అమ్మాయి కెజియా రెండేళ్ళుగా గొర్రె. సారిక కూతురు రెండేళ్ళుగా దూత. లింకు నొక్కాను. మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. సగం కొట్టాక చెయ్యి ఆగింది. ఈవిడ జాబితా రాయడమేమిటి?

కెజియాని బండి మీద కూర్చోబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో దూత రెక్కలకి జరీ కుడుతున్నారు.

"జాబితానా? నేనేం పంపలేదమ్మా."

"మీకు అలాంటిదేమైనా వచ్చిందా అండి?"

సూది ఆగింది. "మొన్న వచ్చింది. సారిక దగ్గర్నుంచి. పాత్రల జాబితా అనే."

"నొక్కారా?"

"నొక్కక? నా నాటికకి అది జాబితా రాస్తే నేను చూడొద్దా? పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. తెరుచుకోలేదు. నాకు కనబడకుండా తాళం వేసిందనుకున్నాను. మొన్నటి నుంచి నిద్ర లేదు."

ఆ పాస్‌వర్డ్ ఎవడో దొంగకి చేరింది, నాకొచ్చిన మెయిల్ వాడు పంపిందే. అదృష్టం కొద్దీ ఆవిడ ఫోన్లో ఖాతా ఇంకా తెరిచే ఉంది. పాస్‌వర్డ్ మార్చి, మిగతా చోట్ల తెరిచినవన్నీ మూయించాను. సెట్టింగుల్లో దొంగ ఇంకో ఏర్పాటు చేసి పెట్టాడు. ఎవరైనా జవాబు రాస్తే అది ఆవిడకి కనబడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. "ఇది మీరేనా టీచర్ గారూ" అని అడిగిన తల్లుల మెయిళ్ళు అందులో పడి ఉన్నాయి. ఆ ఏర్పాటూ తీసేశాను.

"అయిపోయిందిగా. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదుగా?"

"తల్లులందరికీ వెళ్ళిందండి. ఇప్పుడే ఫోన్లు చెయ్యాలి."

ఆవిడ రెక్కలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టారు. "చెప్తే పెద్దలేమంటారో తెలుసా? ఈవిడకి వయసైపోయింది, నాటిక సారికకి ఇచ్చేద్దాం అంటారు. ఈ వంక కోసమే చూస్తున్నారు."

కెజియా ఒక రెక్క తీసుకుని భుజానికి ఆనించి చూసుకుంటోంది.

"ఇది పుట్టినప్పటి ఫోటోలు, ఆధార్ కాపీ, అన్నీ నా మెయిల్లోనే ఉన్నాయండి" అన్నాను. "అందరివీ అలాగే ఉంటాయి."

ఆవిడ కాసేపు కెజియా వంక చూసి ఫోన్ అందుకున్నారు.

"ప్రసన్నకుమారినండి. నా పేరు మీద జాబితా వచ్చిందా? అది దొంగది. నేను మోసపోయాను. మీరూ ఇచ్చారా? ముందు పాస్‌వర్డ్ మార్చండి, సిగ్గు తర్వాత పడదురు గాని."

సారికని చివరికి ఉంచారు. ఫోన్ స్పీకర్లో పెట్టి చెప్పారు.

"నా పాస్‌వర్డ్ మొన్న పొద్దున్నే పోయిందండి" అంది సారిక. "మార్చేసి ఊరుకున్నాను. కంప్యూటర్ టీచర్ని, ఎవరికి చెప్పుకోను? మీకు వెళ్ళిందని తెలీదండి." ఏడుపు గొంతు.

ప్రసన్నకుమారి గారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నాతో అన్నారు. "చూశావా, ఇందులోనూ అదే ముందు."

చెయ్యి తీసి, "ఏడవకు. రేపు నేను లేచి చెప్తాను. నువ్వూ చెప్పు. నా తర్వాత" అన్నారు.

ఆదివారం అలాగే చెప్పారు, ఒకరి తర్వాత ఒకరు. సంఘ పెద్ద ముసలయ్య గారు గొంతు సవరించుకున్నారు. "టీచర్ గారూ, ఇక ఈ బాధ్యత చిన్నవాళ్ళకి..."

"ఆ చిన్నదాని దగ్గర్నుంచే నాకు అంటుకుందండి."

నవ్వులు లేచాయి. వెనక బెంచీ నుంచి ప్రిస్కిల్లా లేచింది. "నిన్న టీచర్ గారి ఫోన్ రాకపోతే నేనూ పాస్‌వర్డ్ ఇచ్చేసేదాన్నండి." ఇంకో ఇద్దరు తలూపారు. ముసలయ్య గారు కూర్చున్నారు. "పాత్రలు చెప్పండమ్మా" అన్నారు పాస్టరు అయ్యగారు.

ఆవిడ పిల్లల వరుస దగ్గరకి వెళ్ళారు. సారిక కూతురి తల మీద చెయ్యి వేసి, "దూత." కెజియా తల మీద వేసి, "గొర్రె."

తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "నిన్న, ఫోనుకి నంబరొస్తేనే మెయిల్ తెరుచుకునే రెండో తాళం అన్నావే, సారిక పెట్టించుకుందా?"

"ఇంకా లేదనుకుంటానండి."

"అయితే నాది ముందు పెట్టు."

అక్కడే నిలబడి పెడుతూ, సారిక కూతురు రెక్కలు తొడుక్కోవడం చూశాను. రెక్కలు నిన్నటివి, పాత్ర చెప్పింది ఇప్పుడు; బిగుతుగానో వదులుగానో ఉంటాయనుకున్నాను. కొలిచినట్టు సరిపోయాయి.