పడవ ముక్కు కింద రొట్టె

హెల్యు మా పక్కింటావిడ. పెళ్లయ్యాకే మా సారెమా దీవికి వచ్చింది. అంతకుముందు సముద్రం చూసిన మనిషి కాదు. ఉద్యోగమంతా రేవులో టికెట్లు అమ్మడంతోనే గడిచింది. అయినా పాత ఆచారాలు సేకరించడానికి తార్తు విశ్వవిద్యాలయం నుంచి విద్యార్థులొస్తే వాళ్లకి దొరికేది ఆవిడే. మా ఊరి ముసలాళ్లు తలుపు తీసేవారు కాదు. హెల్యు తీసి, కాఫీ కూడా పోసేది.

మొదట వచ్చినవాడు కౌపో.

"పిన్నిగారూ, కొత్త పడవ నీళ్లలోకి దించేటప్పుడు ఇక్కడ ఏం చేసేవారండీ?"

"తోసేవాళ్లు."

కుర్రాడి మొహం వాడిపోయింది. "ముక్కు కింద రొట్టెలాంటిదేమన్నా పెట్టేవారా?"

ఆవిడకి జాలేసింది. "పెట్టేవాళ్లేమో నాయనా."

ఆ 'ఏమో' థీసిస్ దాకా చేరలేదు. ఈ తీరంలో పడవ ముక్కు కింద నల్లరొట్టె పెట్టడం ఆచారమని అందులో రాశాడు. ఒక ప్రతి హెల్యుకి పంపాడు. ఆవిడ చదివింది. నచ్చింది. మరుసటి వేసవిలో వచ్చిన అమ్మాయికి అడక్కుండానే చెప్పింది. ఆ అమ్మాయి ఉప్పు సంగతి అడిగేసరికి ఉప్పూ చేరింది.

తర్వాత మా నాన్న కొత్త పడవ దించుతుంటే రొట్టె పట్టుకొచ్చి నిలబడింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు నాన్న.

"మీ తాతల ఆచారం. బయటినుంచొచ్చినదాన్ని, నేను చెప్పాలా?"

నాన్న గొణుక్కుంటూనే పెట్టాడు. ఆ ఏడు చేపలు బాగా పడ్డాయి. ఇంక ఊరంతా పెట్టడం మొదలెట్టింది.

కొన్నేళ్లకి మిర్టెల్ అనే విద్యార్థిని ఆ థీసిస్‌లన్నీ వరసగా చదివి, అప్పట్లో కౌపో రికార్డు చేసుకున్న టేపు కూడా విని, నేరుగా వచ్చింది.

"కోపం తెచ్చుకోకండి పిన్నిగారూ. ఈ ఆచారం కౌపోగారి ప్రశ్నలోంచి పుట్టింది."

"మరి ఇన్నేళ్లూ మేం చేస్తున్నదేంటి?"

"ఇప్పుడది నిజమైన ఆచారమేనండీ."

"అయితే అలాగే రాయి. కానీ వాడి పేరు ముందు పెట్టకు. వాడు అడిగి పోయాడు, చేసింది మేము."

మిర్టెల్ రాసినదానికి బహుమతొచ్చింది. దాంతో విద్యార్థులు ఆచారాల్ని ఎలా పుట్టిస్తారో తెలుసుకోవడానికి ఇంకా ఎక్కువమంది విద్యార్థులొచ్చారు. అందరికీ హెల్యే దిక్కు.

పోయిన వేసవిలో ఒకబ్బాయి టేపు ఆపాక ఊరికే అడిగాడు, రేవులో పని ఎలా ఉండేదని. హెల్యు మొహం విప్పారింది. సముద్రం గడ్డకట్టి పడవలు ఆగిపోతే టికెట్ గదిలో జనం ఎలా పడుకునేవారో, ఎవరు ఎవరితో లేచిపోతూ ఒకవైపు టికెట్టే కొన్నారో, మధ్యాహ్నమంతా చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. అవేవీ ఇదివరకెప్పుడూ వినలేదు.

"రాసుకోవేం?" అంది చివర్లో.

"ఇది మా అంశంలోకి రాదు పిన్నిగారూ," అన్నాడు మర్యాదగా.

"సరేలే. కాఫీ తాగు, చల్లారిపోతోంది."