ఎత్తిన చక్రం కింద నిమ్మకాయ

వికారాబాద్ స్టేషన్లో దిగేసరికి పొద్దున ఆరు. సన్నగా వాన. పట్టాల అవతల అనంతగిరి గుట్టలు. కాలి కింద ఎర్రమట్టి, అప్పుడే బూట్లకు పట్టింది. పంతొమ్మిది వందల యాభైల మొదటి రోజులు. మా ఊరు కొడంగల్ పక్కనే. పటాలం వాళ్ళు దేశమంతా తిప్పి, చివరికి ఇంటికి ఒక పూట ప్రయాణం దూరంలో దించారు. మా అమ్మ చూస్తే, పటాలంలో చేరావా, గొర్ల మంద దగ్గరికే తిరిగొచ్చావా అని అడిగేది.

గుట్ట మొదట్లో మా డేరాలు. మొదటి రోజే కెప్టెన్ హుకుం. తాండూరు దాకా ఫోన్ తీగ లాగుతున్నారు. ఆ పని వెంట ఒక బండి ఉండాలి. పగలు రేషన్, నీళ్ళు, టపా మోయాలి. పొద్దుగూకితే, ఎక్కడ ఆగితే అక్కడ, నలుగురికి ఇల్లు కావాలి. బండిని అలా తయారు చేయడానికి రెండు వారాలు.

ఇచ్చిన బండి యుద్ధంలో తిరిగి వచ్చిన ఒక టన్ను గాడీ. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. బ్రేకు మాత్రం దానికి మనసైనప్పుడే అందుతుంది. నలుగురం: డ్రైవర్ని నేను, ఇంజను బాగుచేసే మిస్త్రీ, వంటవాడు, వైర్‌లెస్ వాడు. మిస్త్రీది పెద్దేముల్. నా కంటే చిన్నవాడు, నా కంటే నెమ్మదస్తుడు. నేను నాలుగో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా పంతులు చెప్పుకునేవాడు.

పని బాగా సాగింది. వెనక తొట్టికి రెండు పక్కలా బల్లలు బిగించాం. పగలు మడిస్తే రేషన్ మూటలకు చోటు, విప్పితే పడకలు. పైన ఇనుప కమ్మీలు వంచి టార్పాలిన్ కట్టాం. నీళ్ళకు రెండు పీపాలు. వైర్‌లెస్ పెట్టెకు వేరే బ్యాటరీ. కాగ్నా వాగు దాటేటప్పుడు నీళ్ళు పోకుండా పొగగొట్టాన్ని పైకి లేపాం. తాండూరు నుంచి ఒక నాపరాయి పలక తెచ్చాం. దాని మీద వంటవాడు రొట్టెలు చేస్తాడు. నల్లరేగడిలో జాకీ దిగబడకుండా దాని కిందా అదే పలక వేస్తాం.

"జాకీకి పెట్టిన బండ మీద రొట్టె చేస్తవా?" అని మిస్త్రీ అడిగాడు.

"జాకీనే రొట్టె మీద పెడ్తున్నవనుకో," అన్నాడు వంటవాడు. "నా రొట్టె గంత గట్టిగనే ఉంటది."

సామానంతా ఇచ్చేవాడు స్టోర్ హవల్దార్. మీసం మీద చేయి తీయని మనిషి. మాకిచ్చిన జాకీ మర అరిగిపోయింది. మిస్త్రీ దాన్ని తీసుకుని స్టోర్‌కు పోయాడు. నేనూ వెంట ఉన్నాను.

"సాబ్, గీ జాకీ బరువు పడంగనే జారుతది. లోపల కొత్తది ఉన్నది గద, గది ఇయ్యిండ్రి."

"కొత్తది ఇన్‌స్పెక్షన్‌కు. పెట్టె విప్పితే మళ్ళ నువ్వు కడ్తవా?"

"జారి మీద పడితె ఎట్ల సాబ్?"

"గంత భయమైతె ఇంటికి పోయి మీ అమ్మ పక్కన పండుకో."

బండి బరువు మోసే కమాన్ పట్టీలకు ఇంకొకటి అదనంగా వేస్తున్నాం ఆ రోజు. ముందు ఎడమ చక్రం విప్పి, బండిని ఆ జాకీ మీదే ఎత్తి ఉంచాం. మిస్త్రీ కుడిచేయి కింద ఉంది. నేను చాయ్ గ్లాసులతో వస్తున్నాను. జర్రుమని ఒక చప్పుడు. గ్లాసులు పారేసి ఉరికాను. వైర్‌లెస్ వాడూ నేనూ బండి ఆ మూలను భుజాలతో ఎత్తాం. మూడు వేళ్ళు పోయాయి.  జాకీ కింద నెత్తురు పడుతున్న నాపరాయి వంకే చూస్తూ మిస్త్రీ, "జర పక్కకు జరుపుండ్రి, రొట్టెలు చేసేది గద," అన్నాడు.

విచారణ జరిగింది. జాకీ మంచిదేనని హవల్దార్ చెప్పాడు. మిస్త్రీ చక్రాలకు అడ్డం పెట్టకుండా పనిచేశాడని చెప్పాడు. జాకీని తెచ్చి చూపించాడు. బల్ల మీద బరువు లేకుండా నిలబెడితే ఏ జాకీ అయినా మంచిదే. నా సాక్ష్యం పట్టించుకోలేదు, దోస్తునని. పైగా నేను నవ్వులాటకు పేరుబడ్డవాణ్ణి. నిజం చెప్తున్నా ఇద్దరు నవ్వారు. నా మొహం నాకే శత్రువయింది. మిస్త్రీ సొంత నిర్లక్ష్యం వల్ల అని రాసి ఇంటికి పంపేశారు.

పెద్దేముల్‌లో ఆ మాట వాడి కంటే ముందు చేరింది. నీళ్ళ ఇంజన్లు బాగుచేసుకుని బతుకుదామనుకున్నాడు. పని రానోడని పటాలమే వెళ్ళగొట్టింది, మా ఇంజన్ను వీడికిస్తమా అన్నారు రైతులు. టపాకు పోయినప్పుడు కలిశాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కట్టు కట్టిన చేయి ఒడిలో పెట్టుకుని.

"వేళ్ళు పోతె పోయినయన్నా. ఎడమ చెయ్యితోని నేర్చుకుంట. గని తప్పు నాదే అన్నరు సూడు, గదే నిద్ర పట్టనిస్తలేదు."

ఆ రోజు నుంచి నాకొకటే పని. జాకీ చెడ్డదని హవల్దార్ నోటితోనే, కెప్టెన్ ముందరే పలికించాలి. ఇంకెవరు చెప్పినా పనికిరాదు.

మంచిదని తానే చెప్పాడు కాబట్టి ఆ జాకీని హవల్దార్ మార్చలేకపోయాడు. అది మా బండిలోనే ఉంది. ఎత్తినప్పుడల్లా పక్కన చెక్కదుంగ పెట్టి నెట్టుకొచ్చాను. వానలు ముదిరాయి. పెద్దేముల్ దాటాక రేగడిలో గొలుసులు కట్టిన చక్రాలు కూడా ఊరికే తిరిగేవి. నాలుగు మైళ్ళకు ఒక పూట. కందిచేల మధ్య ఇరుసు దాకా దిగబడి, టార్పాలిన్ మీద వాన వింటూ పడుకునేవాళ్ళం. ఆ బండి ఇల్లుగా మాత్రం ఎన్నడూ తప్పు చేయలేదు. ఒక సాయంత్రం వైర్‌లెస్ వాడు మైకు అందుకున్నాడు.

"స్టోర్, స్టోర్. గాడీ మాట్లాడుతోంది. బురదలో ఉన్నాం. కొత్త జాకీ పంపండి. ఓవర్."

"మీ జాకీ మంచిగనే ఉన్నది. ఓవర్."

"సరిగా వినపడలేదు. మళ్ళీ చెప్పండి. ఓవర్."

"మంచిగనే ఉన్నదంటున్న! ఓవర్."

మూడుసార్లు చెప్పించాడు. వంటవాడు కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత తేలిగ్గా అబద్ధం పలికే నోరు, నిజం పలకాలంటే ఏం కావాలి అని ఆలోచిస్తున్నాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ. వికారాబాద్ క్యాంపులో తుపాకులు, బండ్లు, పారలు, గరిటెలతో సహా అన్నిటికీ పసుపు కుంకుమ. మా గాడీని కడిగి బంతిపూల దండలు వేశాం. ముందు ఎడమ చక్రాన్ని జాకీ మీద ఎత్తి ఉంచాను, టైరు మార్చామన్న మిషతో.

"కింద దుంగ పెట్టు," అన్నాడు వైర్‌లెస్ వాడు మెల్లగా.

పెట్టాను, బంతిపూల చాటున కనపడకుండా. హవల్దార్ వేళ్ళు నాకెందుకు? నాక్కావలసింది వాడి నోరు.

కెప్టెన్ వచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. నేను పళ్ళెంలో నిమ్మకాయ పట్టుకుని ముందుకు వచ్చి సెల్యూట్ కొట్టాను.

"సాబ్, మా దిక్కు రివాజు ఒకటుంది. సామాను ఇచ్చిన చేతులతోనే చక్రం కింద నిమ్మకాయ పెట్టించాలి. చక్రం దించితే అది పగులుతుంది, దిష్టి పోతుంది. ఈ బండికి ప్రతి మేకూ ఇచ్చింది హవల్దార్ సాబే."

చక్రం కింద నిమ్మకాయ అందరి రివాజే. ఎత్తిన చక్రం కింద చేయి పెట్టించడం మాత్రం నేను కలిపింది. కెప్టెన్ నవ్వి, "సబబే. హవల్దార్, పెట్టు," అన్నాడు.

కంపెనీ అంతా చుట్టూ నిలబడి ఉంది. హవల్దార్ పళ్ళెంలోంచి నిమ్మకాయ తీసుకున్నాడు. వంగాడు. చక్రానికీ నేలకూ మధ్య జానెడు సందు. లోపలికి పెట్టాలంటే మణికట్టు దాకా చేయి పోవాలి. వాడి కళ్ళు జాకీ మీద పడ్డాయి. లేచి నిలబడ్డాడు.

"సాబ్, బండి దించినంక ముందల పెడ్త."

"దించాక పెడితే రివాజు ఎలా అవుతుంది? కానీ."

మళ్ళీ వంగాడు. చేయి సందు దాకా పోయి ఆగింది.  నేను పక్కనే కూర్చుని, వాడికొక్కడికే వినపడేట్టు అన్నాను.

"గంత భయమైతె ఇంటికి పోయి మీ అమ్మ పక్కన పండుకోండ్రి, హవల్దార్ సాబ్."

వాడు చటుక్కున వెనక్కి జరిగాడు. నిమ్మకాయ దొర్లిపోయింది.

"పెట్టను సాబ్. ఆ జాకీ జారుతది!"

 కెప్టెన్ మొహంలోంచి నవ్వు నెమ్మదిగా దిగిపోయింది.

"జారుతుందా? ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

 కెప్టెన్ రెండోసారి అడగలేదు. నన్ను దగ్గరికి పిలిచి, ఆ జాకీని తన డేరాలో పెట్టమన్నాడు. మధ్యాహ్నానికి స్టోర్ తాళాలు వేరే వాళ్ళ చేతికి పోయాయి. వారంలో విచారణ మళ్ళీ మొదలైంది. హవల్దార్ భుజం మీద హోదా చూపే మూడు పట్టీలకు రెండు మిగిలాయి. మిస్త్రీ తప్పేమీ లేదని, పనిలో ఉండగా దెబ్బ తగిలిందని కొత్తగా రాశారు. ఆ కాగితాన్ని నేనే పెద్దేముల్ తీసుకుపోయాను. నలుగురు రైతులను పిలిచి, చదువు అంతగా రాకపోయినా కూడబలుక్కుని, గట్టిగా చదివాను.

మిస్త్రీ విన్నాడు. "వానికి ఒక్క పట్టీనే ఊడిందా?"

"ఒక్కటే."

"నాయి మూడు పోయినయి," అన్నాడు. కాగితం మీద ఎడమ చెయ్యి వేసి, "ఇంకొక్కపారి సదువు," అన్నాడు.

తీగ తాండూరు చేరింది. చలికాలం మొదట్లో బండిని వికారాబాద్‌లో అప్పగించి, సెలవు మీద కొడంగల్ బస్సెక్కాను. ఇంటి దగ్గర అందరూ అడిగారు, తుపాకీ కాల్చావా, ఎవరినైనా చంపావా అని. లేదన్నాను. వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. మిస్త్రీ సంగతి చెప్తే, నెత్తురు లేకుండా గదేం పగ అన్నాడు మా చిన్నాయన.

ఆయనకేం తెలుసు. ఆ దసరా పొద్దున ఎప్పటి నుంచి తెలుసని కెప్టెన్ అడిగినప్పుడు, హవల్దార్ రెండు చేతులనూ చంకల్లో దాచుకున్నాడు. ఎవరో లాక్కుపోతారన్నట్టు, బిగించి. పదికి పది వేళ్ళు. వాటిలో ఒక్కటి కూడా బయటికి కనపడలేదు. ఇప్పటికీ చలిపొద్దున ఎవరైనా చంకల్లో చేతులు పెట్టుకుని ఎదురైతే, నేను ఆగి, చలికా భయానికా అని ముందు వాడి మొహం చూస్తాను.