తలుపు చాటు ఇంగ్లీషు పాఠం

నేను బడి మానేశానని మావాళ్ళు చెప్పుకుంటారు గానీ, అది నా మీద గౌరవం కొద్దీ అనే మాట. నిజానికి ఏడో తరగతిలో బడే నన్ను మానేసింది. మొన్న సాయంత్రం మా అమ్మాయి వరండాలో కూర్చుని, రేపు జరగబోయేదాన్ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా చెప్పొచ్చో పైకి చదువుతుంటే, ఆపి ఒక తప్పు దిద్దాను. అది పుస్తకం వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "నీకెలా తెలుసు నాన్నా?" అంది. మీ అమ్మమ్మ చలవ అన్నాను. నవ్వులాటకి అన్నాననుకుంది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేసిన ఏడాది అది. అప్పట్లో నేను కొల్లేటికోట వైపు చెరువులకి మేత తోలే ట్రాక్టరు డ్రైవర్ని. గట్లు పోయాక చెరువుల్లేవు, చెరువుల్లేక మేత లేదు, మేత లేక నేనూ లేను. మా ఆవిణ్ణి తీసుకుని తాడేపల్లిగూడెంలో అత్తగారింటికి చేరాను. అల్లుడు నాలుగు రోజులుంటే కోడికూర, నాలుగు నెలలుంటే కందిపచ్చడి. ఆ పచ్చడి రుచి బాగా తెలిసొచ్చాక, పెదవేగి వైపు పామాయిల్ తోటల ఆఫీసొకదాన్లో డ్రైవరు పని ఉందని విని వెళ్ళాను. వాళ్ళు బండి నడిపి చూపించమనలేదు, పదో తరగతి సర్టిఫికెట్ చూపించమన్నారు. వేసవి దాకా ఆ పోస్టు ఖాళీగానే ఉంటుందన్నారు. అప్పటికి మా ఆవిడకి నెల తప్పింది. బిడ్డ పుట్టేవేళకి మాదంటూ అద్దెగది అయినా ఉండాలని ఆవిడ పట్టు.

మా అత్తగారు మిషను బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పట్టుబట్టి నా చేత ప్రైవేటుగా పరీక్షకి కట్టించారు. మిగతావి నేనెలాగో గట్టెక్కుతానన్నాను, ఇంగ్లీషు తను చెప్తానన్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఆవిడ అల్లుడి ఎదుట పడరు. ఊరంతా వదిలేసిన పద్ధతే అయినా, వాళ్ళమ్మ పాటించిందని ఈవిడా పాటించేవారు. అందుకని నేను హాల్లో చాప మీద, ఆవిడ వంటింటి తలుపు చాటున స్టూలు మీద, మధ్యలో గుమ్మం దగ్గర కూర తరుక్కుంటూ మా ఆవిడ.

"అప్పటికప్పుడు అనుకున్న పనికి విల్ వాడాలని చెప్పమ్మా. ముందే అనుకుని ఉంటే గోయింగ్ టు. అన్నీ ఏర్పాటైపోతే ఇప్పుడు జరుగుతున్నట్టే చెప్పొచ్చు. టైముకొచ్చే రైలుకైతే, రోజూ వచ్చినట్టు చెప్తే చాలు."

"విన్నారా?" అనేది మా ఆవిడ.

"రైలు లేటైతే ఏం వాడాలో అడుగు."

"అమ్మా, రైలు..."

"వినపడిందమ్మా. ఆయన్ని ముందు రైలెక్కమను."

నాకిదంతా భలే వేడుకగా ఉండేది. తెలుగులో వస్తాను అంటే సరిపోతుంది. రోజూ వచ్చేవాడిదీ ఆ మాటే, రేపు వచ్చేవాడిదీ ఆ మాటే, ఎప్పటికీ రానివాడిదీ ఆ మాటే. దీనికి ఇంత హంగామా దేనికని తలుపు వైపు చూసి జోకులేసేవాణ్ణి. అటు నవ్వారో కోప్పడ్డారో తెలిసేది కాదు. కనపడని మనిషి మీద జోకు వేయడం సులువు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం, వచ్చే ఏడాది నేనేం చేస్తానో నా చేత ఇంగ్లీషులో చెప్పించమన్నారు అత్తగారు. "ఇక్కడే తింటాను, ఇక్కడే పడుకుంటాను అని చెప్పు మీ అమ్మకి" అన్నాను. మా ఆవిడ నవ్వలేదు. కత్తిపీట పక్కన పెట్టి, నడుం పట్టుకుని లేచి, "మీరూ మీరూ చూసుకోండి. ఇటు మాటలు అటు నేనింక మోయలేను" అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఇంక పాఠం లేదనుకుని పుస్తకం మూశాను. లోపల స్టూలు జరిపిన చప్పుడైంది. మా అత్తగారు భుజాల నిండా కొంగు కప్పుకుని, ఆ స్టూలు పట్టుకుని హాల్లోకొచ్చి, నా ఎదురుగా వేసుకు కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఆవిడ మొహం అంత దగ్గర్నుంచి చూడ్డం అదే మొదలు. గబుక్కున లేచి నిలబడ్డాను.

"కూర్చోండి అల్లుడుగారూ. మా అమ్మకి నేను పైకెళ్ళాక సమాధానం చెప్పుకుంటాను. మీరు నాకు చెప్పండి. వచ్చే ఏడాది ఏం చేస్తారండీ?"

ఆవిడ చూపు నా మీంచి కదల్లేదు. నోటిదాకా వచ్చిన జోకు అక్కడే ఆగిపోయింది. ఆఫీసు జీపు తోలబోతున్నాను, గది తీసుకోబోతున్నాను, మీ కూతుర్ని ఏడిపించకుండా చూసుకోబోతున్నాను అని నాకొచ్చిన ఇంగ్లీషులో తప్పులతోనే చెప్పాను. ఆవిడ ఒక్కోదాన్నీ దిద్ది, మళ్ళీ చెప్పించారు. పరీక్షలయ్యేదాకా ఆ స్టూలు తిరిగి వంటింట్లోకి వెళ్ళలేదు.

అత్తెసరు మార్కులతో పాసయ్యాను. పని దొరికింది, అమ్మాయి పుట్టేలోపే గదీ దొరికింది. సామాన్లు ఆటోలో ఎక్కించే రోజున నోరు ఊరుకోక, "బళ్ళో పిల్లల్ని కూడా ఇలాగే పట్టుకుని కూర్చునేవారాండీ అత్తయ్యగారూ, లేక నా మీదేనా ఈ ప్రేమ?" అని అడిగాను.

ఆవిడ పచ్చడి జాడీకి గుడ్డ కడుతూ, తలెత్తకుండానే అన్నారు: "పిల్లలైతే తర్వాత నేర్చుకుంటార్లే అని వదిలేసేదాన్నండి. మీకు ఆ 'తర్వాత' అన్న రోజు కూడా వచ్చేసింది కదండీ."