అంద్రెయ సర్దార్ అరచెయ్యి

అవార్డుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. శాలువా కప్పించుకోవడానికే పుట్టినవాళ్లను గోదావరిఖనిలో చాలామందిని చూశాను. అంద్రెయ సర్దార్ సంగతి వేరు.

బొగ్గు బావిలో పనిచోటు భద్రత చూసే సర్దార్ ఆయన; ఇరవై రెండేళ్లు ఆయన కింద పనిచేశాను. షిఫ్టులో అందరికంటే ముందు ఆయనే పనిచోటికి వెళ్లేవాడు. ఎడమ అరచెయ్యి పైకప్పుకు, మా మాటల్లో రూఫ్‌కు, ఆనించి, కుడిచేత్తో కర్ర పట్టి తట్టేవాడు. కంగుమంటే రాయి గట్టిది. డొల్లగా మోగితే కూలబోతోందని అర్థం. అప్పుడిక ఎవరు తొందరపెట్టినా మమ్మల్ని అడుగు వెయ్యనిచ్చేవాడు కాదు. మహా మొండి మనిషి. ఆ మొండితనం వల్లే నేనివాళ పింఛను తింటున్నాను.

ఇప్పుడాయనకు డెబ్బై ఆరు. చెవులు పూర్తిగా పోయాయి. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించాలి.

ఆయన మనుమరాలు శాలిని రేడియోలో పనిచేస్తుంది. తాత పని మీద అరగంట కార్యక్రమం చేసింది. రేడియో, టీవీలకు ఇచ్చే ఒక అంతర్జాతీయ అవార్డుకు పంపాలని ఆమె ఆశ. గడువు మూడు రోజులే ఉంది. బావిలోకి దిగే వ్యవధి లేక, డొల్ల చప్పుడు కోసం స్టూడియోలో చెక్కపెట్టె తట్టి రికార్డు చేసింది.

ఆ ముక్క పెట్టమన్నాడు పెద్దాయన. వినబడని మనిషికి ఇదెందుకని నేను లోలోపల నవ్వుకున్నాను. ఆయన స్పీకరు మీద ఎడమ అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఇది చెక్క బిడ్డా. రూఫ్ కాదు."

'జడ్జీలు వేరే దేశపోళ్లు తాతా, వాళ్లకేం తెలుస్తది?' అని రాసి చూపించింది శాలిని.

"వాళ్లకు తెల్వది. మనోళ్లు వింటరు కదా. గీ చప్పుడు పెడితే నేను చేసిన పనంత అబద్ధమైతది."

శాలినికి ఏడుపొచ్చింది. నాకు కోపమే వచ్చింది, పిల్ల ఏడాది కష్టం ఒక్క చప్పుడు దగ్గర ఆగిపోతుందా అని. ఆయన మాత్రం దిగిరాలేదు. చివరికి ఆయన దగ్గర పని నేర్చుకున్న శాంతిరాజ్, ఇప్పటి సర్దార్, అనుమతి తీసుకుని రికార్డర్‌తో బావిలోకి దిగాడు. పైకప్పులో ఎలాగూ దించెయ్యాల్సిన డొల్ల రాయిని దూరంగా నిలబడి పొడవాటి కర్రతో తట్టాడు. కార్యక్రమం గడువుకు గంట ముందు వెళ్లింది.

అవార్డు వచ్చింది.

మొన్న ఆదివారం చర్చి హాల్లో అందరికీ వినిపించారు. ముందు వరుసలో అంద్రెయ, వెనక పాత కార్మికులం. కంగుమని గట్టి రాయి మోగింది. ఎవరూ కదల్లేదు. తర్వాత డొల్ల చప్పుడు వచ్చింది. నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. చూస్తే ఇరవైమందిమీ కుర్చీలు వదిలేసి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాం.

పెద్దాయనకు ఏమీ వినబడలేదు. శాలిని ఆయన భుజం తట్టి వెనక్కి చూపించింది. ఖాళీ కుర్చీలను, మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు.

"ఇగ ఇది రూఫ్ బిడ్డా," అన్నాడు.