సర్దార్ చెవిలో ఈల

2022 వానాకాలం. గోదావరిఖనిలో బస్టాండుకు పోయే దారిలో నా మెడికల్ షాపు. ఫార్మసీ చదివి, పెళ్లయిన మరుసటేడు షట్టర్ ఎత్తడం మొదలుపెట్టాను. అప్పటికి షాపుకు పదహారేళ్లు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. బాయి మీద షిఫ్టు మారే వేళల్లో కౌంటర్ ముందు గుంపు ఉంటుంది, మధ్యలో ఈగలు తోలుకోవడమే. నా నోరు కొంచెం పెద్దది. దగ్గు మందుకు వచ్చినవాళ్లకు సీసాతో పాటు బీడీల మీద నాలుగు చీవాట్లు కూడా ఇచ్చి పంపుతాను. అయినా వస్తూనే ఉంటారు పాపం.

లింగయ్య కాక మా పాత గిరాకీ. యాభై ఏడేళ్లుంటాయి. భూగర్భ గనిలో సర్దార్. అంటే పని మొదలయ్యే ముందు లోపల ఆ చోటు క్షేమంగా ఉందో లేదో చూసి, సరే అంటేనే మిగతావాళ్లు పనిలోకి దిగుతారు. ఎలా చూస్తాడో నాకు తెలియదు. ఎన్నడూ అడగలేదు కూడా.

ఒకరోజు ఫోన్ నా ముందు పెట్టి వీడియో చూపించాడు. "బిడ్డా, చెవుల ఈల ఏసినట్టు ఒక్కతీర్గ మోత వస్తున్నది. గీ గోళీలు నీ దగ్గర ఉన్నయా?"

"ఎప్పటిసంది కాకా?"

"ఏడాది దాటింది. జల్ది తగ్గాలె. లేకుంటె నా డ్యూటీ పోతది."

దీన్ని టినిటస్ అంటారు. బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో ఈల, గుయ్యిమనే మోత వినిపించడం. ముప్పై ఏళ్లు డ్రిల్లు మిషన్ల పక్కన నిలబడ్డ చెవులకు రాక ఏమవుతుంది? నిద్ర పట్టక డ్యూటీకి పోలేకపోతున్నాడని అనుకున్నాను. నా తెలివికి అంతే తోచింది.

ఆ వీడియోలో చెప్పినవన్నీ సప్లిమెంట్లు. రోగం తగ్గించే మందులు కావు, ఒంట్లో తక్కువైనవి భర్తీ చేస్తాయని అమ్మేవి. జింకో అనే ఆకు సారం, జింక్, మెగ్నీషియం, బి12. చెవిలో మోత ఆగుతుందని వీటిలో దేనికీ గట్టి రుజువు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కాక ముఖం చూస్తే మాత్రం చెప్పబుద్ధి కాలేదు. "ఒక్కసారే అన్నీ మింగొద్దు. నెలకు ఒకటి చూద్దాం, ఏది పనిచేస్తుందో తెలుస్తది" అన్నాను. అంతకు ముందే ఏమేం గోళీలు వాడుతున్నావని అడిగాను. "బీపీది ఒక్కటే" అన్నాడు. ఓ పాత నోటుబుక్కులో ఆయన పేరు రాసి, వారం వారం మోతకు పదికి ఎన్ని మార్కులో రాయడం మొదలుపెట్టాను. పెద్ద సైంటిస్టులా ఫీలయ్యాను లెండి.

ముందు జింకో ఇచ్చాను. మొదటి వారం తొమ్మిది. రెండో వారం ఎనిమిది. ఇద్దరం సంబరపడ్డాం. మూడో వారం వాళ్ల ఆవిడ సమ్మక్క ఒక్కతే వచ్చింది. "పండ్లు తోముకుంటె నెత్తురు వస్తున్నది, ఏం గోళీ ఇచ్చినవ్ బిడ్డా?"

ఇంట్లో ఉన్న గోళీలన్నీ పట్టుకుని రమ్మని కాకకు కబురు పెట్టి, వచ్చాక చూస్తే, బీపీ మాత్ర పక్కనే రక్తం పలచబరిచే మాత్ర. దవాఖానలో గుండె కోసం రాసిచ్చారట. "గది గుండె గోళీ, నువ్వు అడిగిన లెక్కకు రాదనుకున్న" అంటాడు కాక తాపీగా! జింకో కూడా రక్తాన్ని పలచబరచగలదు, రెండూ కలిపి వాడొద్దు. మందుల చీటీ చూపించమని అడగాల్సింది నేను. మాట నమ్మి ఊరుకున్నాను. ఆ క్షణమే జింకో ఆపించి, గుండె డాక్టరుకు చూపించమని పంపాను. దేవుడి దయ, ఏమీ కాలేదు.

"కరీంనగర్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి పో కాకా. వినికిడి పరీక్ష చేస్తరు."

"పరీక్ష ఒద్దు బిడ్డా. కాగితం మీద పడ్తది" అన్నాడు.

కాగితం మీద పడితే ఏమవుతుందో అప్పుడైనా అడగాల్సింది. అడగలేదు. జింక్ ఇచ్చాను, మెగ్నీషియం ఇచ్చాను. మార్కులు ఎనిమిది, తొమ్మిది, మళ్లీ ఎనిమిది.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం, వాన దంచి కొడుతోంది. షాపులో నేనొక్కదాన్నే. గొడుగు ముడుస్తూ కాక వచ్చాడు. ఈసారి కొత్త పాట, గాబా గోళీ కావాలని. మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది, నరాల జోరుకు అది బ్రేకు లాంటిది. ఆ బ్రేకు తగ్గితే మోత పెరుగుతుందని కొందరు డాక్టర్లు భావిస్తున్నారు. అంతవరకు నిజమే. కానీ గోళీగా మింగిన గాబా మెదడుదాకా ఎంత చేరుతుందో ఇంకా గట్టిగా తేలలేదు. అదే చెప్పాను.

"అయితే మెదడుకు నేరుగ పనిచేసే గోళీ ఇయ్యి. మా పక్కింటాయన ఏసుకుంటడు, చిన్నది, తెల్లగ ఉంటది."

అది నిద్రమాత్ర. నాకు తిక్క రేగింది. "చీటీ లేకుండ ఇయ్య. నీకు మతి ఉన్నదా కాకా? మత్తు గోళీ మింగి బాయిల దిగుతవా? నిద్ర పట్టకుంటె సెలవు పెట్టు!"

"నిద్ర కోసం గాదు బిడ్డా."

స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అప్పుడు చెప్పాడు. గని లోపల పైకప్పును రూఫ్ అంటారు. సర్దార్ పొద్దున్నే కర్రతో దాన్ని కొట్టి వింటాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమని మోగుతుంది. లోపల పగిలి విడిపోయి ఉంటే డొల్ల మోత వస్తుంది. డొల్లగా ఉన్న దాన్ని దూరం నుంచి దించేస్తారు, లేదంటే కింద సపోర్టు పెడతారు. ఎన్ని మిషన్లు వచ్చినా ఆ కర్ర, ఆ చెవి ఉండాల్సిందే. చెవి పోయిందని కాగితం మీద పడితే సర్దార్ పని నుంచి తీసేస్తారు.

"నిన్న ఒకకాడ సరే అన్న. నా ఎనుకొచ్చిన రమేశ్ ఊకెనే మల్లొక్కసారి కొట్టిండు. 'కాకా, గిది డొల్లనే గదా' అన్నడు. నాకు ఇనవడలె. ఇరవై రెండు మంది బిడ్డా. నేను సరే అంటెనే దాని కింద నిలవడ్తరు."

ఆయన లేచి, మూలన ఉన్న షట్టర్ గుంజే కడ్డీ అందుకున్నాడు. మా షాపు స్లాబును టకటకా కొట్టుకుంటూ పోయాడు. ఎంత అలవాటైన చెయ్యి! కొడుతూ, రెండో చేతి వేళ్లు పైకి చాచాడు. స్లాబు అందలేదు. "గనిల రూఫ్ తక్కువ ఎత్తు ఉన్నకాడ చెయ్యి పెడ్త. అదురు తెలుస్తది. ఎత్తున్నకాడ చెవే దిక్కు" అన్నాడు.

కౌంటర్‌కు పైన స్లాబును కొట్టాడు. తర్వాత నా స్టూలుకు సరిగ్గా పైన కొట్టాడు. "రెండిట్ల తేడా ఉన్నదా?"

ఉంది. మొదటిది గట్టిగా మోగింది. రెండోది ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది. వానలకు స్లాబు అడుగున గచ్చు పూత ఉబ్బి, విడిపోయినట్టుంది. ఇన్నేళ్లుగా దాని కిందే కూర్చుంటున్నాను.

"గిక్కడ డొల్ల ఉన్నది కాకా" అన్నాను మెల్లగా.

"నాకు రెండు ఒక్కతీర్గనే ఇనవడ్డయ్."

ఆయన కళ్లల్లో నీళ్లు, నాకూ ఆగలేదు. కడ్డీ గోడకు ఆనించి, వంగి, నా స్టూలును రెండు చేతులా ఎత్తి మందుల ఫ్రిజ్ పక్కకు జరిపాడు. "డొల్ల అని తెలిసినంక దాని కింద కూసోవద్దు బిడ్డా. మేస్త్రీని తోలుకొస్త. అందాక ఇటే కూసో."

తన బతుకే తలకిందులవుతుంటే నా స్టూలు గురించి ఆలోచిస్తున్నాడు ఆ మనిషి. అప్పుడు బుద్ధి వచ్చింది నాకు. గోళీతో తగ్గుతుందని ఆశ ఉన్నంతకాలం ఈయన ఎవరికీ చెప్పకుండా గనిలో దిగుతాడు. ఆ ఆశను నెల నెలా సీసాలో పోసి ఇచ్చింది నేనే. నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టాను.

"కాకా, నేను తప్పు చేసిన. గిండ్ల ఏ గోళీ నీ మోతను ఆపది. ఆపుతదని నేను ఎన్నడు నమ్మలె. నీ మొఖం చూసి చెప్పలేకపోయిన."

కోప్పడతాడేమో అనుకున్నాను. మార్కుల వరస మీద వేలు పెట్టి కిందిదాకా చూశాడు. "గీ మాట ముందుగాల్నే చెప్తె నేను ఇనకపోయేటోన్ని తియ్యి. ఇంకో షాపుకు పోయేటోన్ని" అన్నాడు. తర్వాత అడిగాడు. "రేపు మేనేజర్ సాబుకు చెప్పాలె. కాయిదం రాసిస్తవా?"

రాశాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ చీటీ రాయలేదు.

సమ్మక్కతో కలిసి ముగ్గురం కరీంనగర్ వెళ్లాం. ఆడియోగ్రామ్, అంటే వినికిడి గీత, సన్నని స్వరాల దగ్గర అమాంతం కిందికి పడిపోయింది. డాక్టర్ ఓపికగా చెప్పింది. అందని స్టేషన్ కోసం రేడియో గొంతు పెంచుతాం కదా, వినపడని స్వరాల కోసం మెదడు అలా పెంచుకుంటుంది, ఆ హోరే ఈ ఈల. ఆపే గోళీ లేదు. వినికిడి మిషన్, పడుకునేటప్పుడు సన్నగా ఏదో ఒక చప్పుడు, మోతకు భయపడకుండా ఉండే అలవాటు, వీటితో బాధ తగ్గుతుంది. కాక అంతా విని, "అంటే ఇది నాతోనే ఉంటది" అన్నాడు. "ఉంటది. కానీ దాని పెత్తనం తగ్గుతది" అంది ఆవిడ.

మిగిలిన సర్వీసుకు పైన, లాంప్ రూములో డ్యూటీ ఇచ్చారు. లోపలికి దిగేవాళ్లకు దీపాలు అందించే పని. మొదటి నెల ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని సమ్మక్క చెప్పింది. ఇరవై రెండు మందీ పొద్దున్నే ఆ కిటికీ దగ్గరే దీపాలు తీసుకుంటారు. సాయంత్రం తిరిగిచ్చేదాకా లెక్క చూసుకుంటూ కూర్చుంటాడట.

కాక మా షాపుకు మేస్త్రీని తెచ్చింది, స్లాబు కొట్టి చూసిన మరుసటి ఆదివారమే. నన్ను బయట నిలబెట్టి, పక్కనుంచి గునపంతో పొడిపించాడు. గచ్చు పెళ్ల ఒకటి దబ్బున పడింది. నా స్టూలు ఇదివరకు ఉన్న చోట నేల పలక పగిలింది. "ఇనవడ్డదా?" అన్నాను. "గిది ఇనవడ్డది" అని నవ్వాడు. ఆయన నవ్వగా చూసి అప్పటికి చాలా రోజులైంది.

చెవి మోతకు గోళీ అడుగుతూ ఇప్పటికీ వస్తారు. ముందు వాళ్లు వాడే మందులన్నీ కౌంటర్ మీద పెట్టిస్తాను. తర్వాత వాళ్ల పనేమిటో, ఆ పనిలో చెవికి ఏం అవసరమో అడుగుతాను. గోళీ లేదని చెప్పడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. చెప్పేముందు ఓసారి పైకి చూస్తాను. కొత్త గచ్చు గట్టిగానే ఉంది. అయినా స్టూలు ఫ్రిజ్ పక్కన, కాక పెట్టిన చోటే ఉంచాను.