ఎలమంచిలి పెళ్లీ, నేను తొక్కిన రిక్షా

ఇందులో ప్రతి మాటా నిజం. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని కుడి చేత్తో రాస్తున్నాను. నేను చెప్పేదాంట్లో సగం గాలి అని మా ఇంట్లోవాళ్లే ఊరంతా చాటారు గనక, ముందే ఒట్టు పెట్టేసుకుంటే ఒక పనైపోతుంది. ఒక పెళ్లి ఆగిపోయేంత పని, ఒక దైవసేవకుడి ప్రాణం పోయేంత పని, రెండూ ఒక్క పూటలో చేసిన ఘనుణ్ణి నేను.

విశాఖపట్నంలో స్టీలు ప్లాంటు ఇంకా శంకుస్థాపన రాయి దగ్గరే ఆగి ఉన్న రోజులవి. నేను పోర్టులో గుమస్తాని, మా చర్చి యువజన సంఘానికి కార్యదర్శిని. పై శనివారానికల్లా లోకాన్ని బాగుచేసి పారేయగలనని గట్టిగా నమ్మే వయసు. ఆ ఏడు ఉజ్జీవ కూటాల్లో ప్రసంగించడానికి గోదావరి వైపు నుంచి ఒక పాస్టరు అయ్యగారిని పిలిచాం. భారీ మనిషి. ఆయన గొంతు సవరించుకుంటే హార్బరులో ఓడ కూసిందనుకుని జనం అటు చూసేవారు. ఆఖరి రోజు ఉదయం ఆయన, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చెప్పి, "రిక్షా ఎక్కేవాడూ తొక్కేవాడూ దేవుని ముందు ఒక్కటే. తొక్కేవాణ్ణి మీలో ఎంతమంది మనిషిగా చూశారు?" అని అడిగారు. నేను ఏడ్చిన ఏడుపుకి జేబురుమాలు చాలక పాటల పుస్తకం కూడా తడిసింది.

ఆ అయ్యగారిని స్టేషన్లో పాసింజరు ఎక్కించాల్సింది నేనే. సాయంత్రం ఎలమంచిలిలో పెళ్లి, జరిపించాల్సింది ఆయన. ఈ బండి తప్పితే మళ్లీ చీకటి పడ్డాకే. అంతవరకూ పెళ్లికూతురు తెల్లచీర నలగకుండా కూర్చోవాలి.

చర్చి గేటు దగ్గర ఎప్పటిలాగే అప్పన్న రిక్షా ఆపుకుని ఉన్నాడు. అయ్యగారు సీటెక్కారు. కాళ్ల దగ్గర ఆయన ఇనప పెట్టె.

"సోదరా, దిగు," అన్నాను అప్పన్నతో.

"ఏటి బాబూ, నానేటి సేసినాను?"

"ఈవేళ నువ్వెళ్లి అయ్యగారి పక్కన కూర్చో. నేను తొక్కుతాను."

అప్పన్న అయ్యగారిని చూశాడు. అయ్యగారు నన్ను చూశారు.

"నాయనా ప్రకాశం, ప్రసంగం వేరు, పాసింజరు వేరు," అన్నారాయన మెల్లగా.

"తమరు చెప్పిందే కదండీ అయ్యగారూ."

చెప్పింది ఆయనే. పైగా సంఘమంతా గేటు దగ్గర నిలబడి వింటోంది. పాపం, ఏం చేస్తారు. ఒక మూలకి జరిగారు. జరిగినట్టు కనిపించారు, అంతే. ఆ శరీరానికి ఆ సీటులో రెండు మూలలూ ఒకటే. మిగిలిన జానెడు చోటులో అప్పన్న సీసాకి బిరడా బిగించినట్టు ఇరుక్కున్నాడు.

సైకిలొచ్చినవాడికి రిక్షా రాదా అనుకున్నాను. ఇది చదివేవాళ్లెవరూ అలా అనుకోకండి. మనం ఒరిగితే సైకిలు తిరుగుతుంది. రిక్షా మీద మనం ఎంత ఒరిగినా అది పట్టించుకోదు. కోడలి పుట్టింటివాళ్లని చూసిన అత్తగారిలా తన దారిన తాను పోతుంది.

"ఎడం పక్కకి లాగేత్తంది బాబూ. హేండిలు కుడికి పట్టండి."

"నువ్వు అతిథివి సోదరా. హాయిగా కూర్చో."

"హాయిగానే ఉంది గానీ, మురుక్కాలవొత్తంది."

"నాయనా, అతను చెప్పేది విను," అన్నారు అయ్యగారు.

వినలేదు. ముందు చక్రం కాలవలోకి దిగింది. మోకాళ్ల దాకా దిగి నేనే ఎత్తాను. అప్పన్న సాయానికి లేవబోతే, "కూర్చో" అని గదిమాను. సమానత్వం కదా, గదిమైనా ఇవ్వాలి.

పూర్ణా మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి అప్పన్నకి సీటు రుచి తెలిసింది. కాలు మీద కాలేసుకున్నాడు. ఎదురొచ్చిన ఇంకో రిక్షావాడు నోరు తెరిచాడు.

"ఏటి బావా, లాటరీ తగిలిందేటి?"

"కాదు బావా, సర్చిలో ఏదో సెప్పినారంట."

ఆ తర్వాత వెనక నుంచి నాకొక కేక వినబడింది. "తొరగా తొక్కవోయ్, బండి టైమైపోతంది." తిరిగి చూస్తే అప్పన్న నాలిక్కరుచుకున్నాడు. "తప్పైపోనాది బాబూ. ఇక్కడ కూకుంటే నోటికదే వత్తంది."

ఇంతలో పల్లం వచ్చింది. బ్రేకు ఎక్కడుందో నేను వెతుక్కునే లోపు రిక్షా గాలిలో తేలింది. అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. రోడ్డు మధ్యలో పడుకున్న గేదె పొట్టకి ముందు చక్రం మెత్తగా ఆనుకుని ఆగింది. గొలుసు ఊడింది. గేదె తల తిప్పి, అయ్యగారి కేసి జాలిగా చూసి, నెమరు వేసుకుంది.

అయ్యగారు అప్పన్న వైపు తిరిగి చేతులు జోడించారు. "అయ్యా, తమరు దయచేసి తొక్కండి. అక్కడ పెళ్లి ఆగిపోతుంది."

"నానెలా తొక్కుతానండీ. సమానమన్నారు గదా."

"సమానమే సోదరా," అన్నాను రొప్పుతూ.

"సమానమైతే నా మాటకీ ఇలువుండాల గదా బాబూ. గేటుకాడి నుంచీ సెప్తన్నాను, ఒక్కటైనా ఇన్నారేటి? ఇప్పుడినండి. పెట్టె నెత్తినెట్టుకుని ఎనకాల పరిగెట్టండి. బరువు తగ్గితే బండందుతాది."

గొలుసు ఎక్కించి తొక్కాడు. నేను పెట్టెతో పరిగెత్తాను. ఆ పెట్టెలో ఉన్నవి ప్రసంగాలే అయితే, ఒక్కొక్కటి ఎంత బరువైందో నా మెడకి తెలుసు.

మేం ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి బండి కూత పెట్టింది. అప్పన్న లాగాడు, నేను తోశాను, అయ్యగారు రైలు పెట్టెలోకి పడ్డారు, వెనకే ఆయన ఇనప పెట్టె. ఎలమంచిలి పెళ్లి బతికింది. నేను చిరిగిన చొక్కాతో, మోకాళ్ల దాకా బురదతో నిలబడి ఊపిరి తీసుకుంటున్నాను. అప్పుడే దిగిన ఒక పెద్దమనిషి నావైపు వేలు చూపించాడు.

"ఒరేయ్ కూలీ, నిన్నే. ఈ పరుపుచుట్ట ఎత్తు."

అప్పన్న అడ్డం వచ్చాడు.

"ఒరేయనకండి బాబూ. ఆయన పెకాసం గారు. పోర్టులో గుమస్తా. రిచ్చా తొక్కడం ఇంకా రాలేదు గానీ, మంచి మడిసి."

అందుచేత, సంఘ పెద్దలంతా సాక్షులుగా నేను చేసిన ప్రతిజ్ఞ ఏమిటంటే: ఎంతటి ప్రసంగం విన్నా సరే, ఏ మనిషినీ అతన్నడక్కుండా నాతో సమానం చెయ్యను.

ఇక మొదట పెట్టిన ఒట్టు సంగతి. ఒకటి కల్పించాను. గేదె కాదు, అది నిజంగా నిజం. అప్పన్న అన్న పేరు నేను పెట్టింది. విశాఖపట్నంలో ఏ సందులో నిలబడి అలా పిలిచినా నలుగురు పలుకుతారు గనక పెట్టేశాను. ప్రతి ఆదివారం అతని రిక్షా ఎక్కాను, ఆ రోజు దారి పొడుగునా సోదరా, సోదరా అని అరిచాను. పేరు మాత్రం అడగలేదు.